పార్టీలో బజ్జీలు, పునుగులకు బదులు ఏం పెట్టొచ్చు?

విజయవాడలో ఇంటికి ఇరవై మంది వస్తున్నారు, నూనె తగ్గించాలి, కానీ పథ్యం తిండిలా ఉండకూడదు అని అడిగారు కదా. ముందు పునుగులు మానకండి. అదే పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, క్యారెట్ తురుము, జీలకర్ర కలిపి గుంట పునుగుల పెనం మీద వేయండి. గుంటకి పావు చెంచా నూనె చాలు, మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచితే అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. మా ఇంట్లో పిల్లలు ఇవే ముందు ఖాళీ చేస్తారు.

రెండోది శనగల గుగ్గిళ్లు. రాత్రే నానబెట్టి, పొద్దున ఉప్పేసి కుక్కర్లో ఉడికించి, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు పెట్టండి. వడ్డించే ముందు పచ్చి మామిడి ముక్కలు, కొబ్బరి కోరు వేయండి, ముందే వేస్తే నీరు వదిలి చప్పబడిపోతాయి. వీటిలో ప్రోటీన్, పీచు రెండూ ఉంటాయి కాబట్టి కడుపు త్వరగా నిండి, బిర్యానీ తక్కువ తింటారు.

బజ్జీ తప్పదంటే వేయండి, కానీ నూనె బాగా కాగాకే, ఒక్కో వాయికి నాలుగైదే. నూనె చల్లబడితే పిండి దాన్ని పీల్చేస్తుంది. మిగిలిన నూనెని మళ్లీ మళ్లీ కాచొద్దు.

అసలు అందరూ మర్చిపోయేది కూల్‌డ్రింకులు. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 25 గ్రాముల పంచదార ఉంటుంది, అంటే ఆరు టీస్పూన్లు! మన ఎండలకి అల్లం, కరివేపాకు దంచి వేసిన పల్చటి మజ్జిగ కుండలో పెట్టండి, గ్లాసులు పక్కనే ఉంచండి.