పైపు ఎంత లావుండాలన్నదీ ఒక చదువేనా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీలో పిల్లలంతా కలిసి ఫార్ములా ఎస్ఏఈ పోటీకి రేసు కారు కడుతున్నారు. ఎగ్జాస్ట్ పైపు వ్యాసం తేల్చే పని మా వాడికి ఇచ్చారు. రెండు నెలల నుంచి వాడికి అదే లోకం. పైపు ఎంత లావుండాలన్నది కూడా ఒక చదువేనా? పెట్రోలు బండ్లే పోతాయంటున్నారు. డేటా సైన్స్ కోర్సులో చేరమంటే వినడం లేదు. ఈ నెలాఖరులోగా ఫీజు కట్టాలి. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. పైపు బదులు ఒకరి ఇంట్లో డ్రోన్ ఉంటుంది, ఇంకొకరి ఇంట్లో వంతెన నమూనా ఉంటుంది. అడిగేది పోలికే అయినా లోపలున్న భయం వేరు. పిల్లవాడు దారి తప్పుతున్నాడేమో, నేను చూస్తూ ఊరుకుంటున్నానేమో అని. ముందు దానికే జవాబిస్తాను. మీ వాడు దారి తప్పలేదు.

ఈ పనిలోకి రాకముందు నేను కొన్నేళ్లు ఇంజన్లను పరీక్షించే చోట పనిచేశాను. అందుకే మీ వాడి తలలో ఏం తిరుగుతోందో కొంత చెప్పగలను. పైపు లావైతే పొగ హాయిగా పోతుంది, పవర్ పెరుగుతుంది అని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు, ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ ఉండాలి, సన్న పైపే మేలు అని సీనియర్లు అంటారు. రెండూ సగం మాటలే. వెనక్కి నెట్టే ఒత్తిడితో ఇంజన్‌కి ఒరిగేదేమీ లేదు. కావలసింది వేగం. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే వేడి వాయువు ఒక్క ఉదుటున దూకుతుంది. అది వేగంగా సాగిపోతే దాని వెనక పీడనం తగ్గి, సిలిండర్‌లో మిగిలిన పొగ కూడా లాక్కుపోతుంది, ఇన్‌టేక్ వైపు నుంచి కొత్త గాలి సులువుగా వస్తుంది. దీన్ని స్కావెంజింగ్ అంటారు. పైపు మరీ లావైతే ఆ వేగం చచ్చిపోయి తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) టార్క్, అంటే తిప్పే బలం, పడిపోతుంది. మరీ సన్నమైతే ఎక్కువ ఆర్‌పీఎంలో ఇంజన్‌కి ఊపిరాడదు. అదే టర్బో ఉన్న కారైతే, అంటే పొగ తోపుకి తిరిగే టర్బైన్ చక్రంతో ఇంజన్‌లోకి గాలిని నెట్టే కారైతే, లెక్క మారిపోతుంది. టర్బైన్ దాటాక పైపు వీలైనంత లావుగా ఉండటమే మంచిది.

పనివాళ్ల దగ్గర ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. పైపును అడ్డంగా కోస్తే కనిపించే లోపలి వైశాల్యం చదరపు అంగుళానికి సుమారు 50 హార్స్‌పవర్. లోపలి వ్యాసం 2.5 అంగుళాలైతే 4.9 చదరపు అంగుళాలు, అంటే 245 హార్స్‌పవర్ దాకా సరిపోతుంది. 3 అంగుళాలైతే 7 దాటుతుంది, 350 దాకా. అర అంగుళానికి అంత తేడా ఎందుకంటే వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైపును అమ్మేది బయటి వ్యాసంతో కాబట్టి రెండు వైపులా గోడ మందం తీసేయాలి. వంచేటప్పుడు మలుపులో పైపు నొక్కుకుపోతే, అక్కడ మిగిలిందే అసలు వ్యాసం.

మీ వాడికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పోటీలో పెట్రోలు ఇంజన్ పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే రావాలన్నది నియమం. ఆ రంధ్రంలో గాలి ధ్వని వేగాన్ని అందుకుందంటే ఇంజన్ ఇంకెంత లాగినా ఎక్కువ రాదు. లోపలికి రాని గాలి బయటికి పోదు కదా! ఆ ఇంజన్ 80 హార్స్‌పవర్ ఇచ్చిందనుకుంటే 1.6 చదరపు అంగుళాలు చాలు, అంటే లోపలి వ్యాసం ఒకటిన్నర అంగుళంలోపే. పైగా శబ్దానికి పరిమితి ఉంది, బరువు ఉంది, శబ్దం తగ్గించే మఫ్లర్ పట్టే చోటు చూసుకోవాలి. వీటన్నిటికీ కుదిరే ఒక్క అంకె కావాలి. రెండు నెలలు ఎక్కువని మీకు అనిపిస్తోంది. నాకు తక్కువే అనిపిస్తోంది.

కటువుగా ఉన్నా ఒక మాట చెబుతాను. ఈ రెండు నెలల్లో ఒక్కసారైనా పక్కన కూర్చుని "ఏం తేలింది నాన్నా?" అని అడిగారా? మీ ఉత్తరంలో వాడు ఏ సైజు పైపు ఎంచుకున్నాడో లేదు, ఎందుకు ఎంచుకున్నాడో లేదు. ఫీజు గడువు మాత్రం ఉంది. ఇష్టంగా పనిచేసే పిల్లవాడు ఇంట్లో ఉంటే దాన్ని జబ్బులా చూడకండి.

డేటా సైన్స్ మంచి విద్య, నాకు దాని మీద కోపం లేదు. కానీ అందరూ పరుగెత్తి చేరుతున్న ఈ చిన్న కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అవి పనిముట్టు పట్టుకోవడం నేర్పుతాయి. దాన్ని ఏ సమస్య మీద వాడాలో నేర్పవు. ఒకే డేటా, ఒకే ప్రాజెక్టు, రెజ్యూమెల్లో అవే నాలుగు వాక్యాలు. వాటిని పట్టుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని "ఈ అంకె ఎందుకిలా వచ్చింది?" అని అడిగితే తలదించుకోవడం చూశాను. తప్పు వాళ్లది కాదు. తాము కొలవని అంకెల మీద ఎవరికైనా పట్టు ఎలా వస్తుంది? పైగా మొదటి మెట్టు ఉద్యోగాల్లో చేసే కోడింగ్ కొంత ఇప్పుడు ఏఐ పనిముట్లే చేసేస్తున్నాయి. ఇష్టం లేకుండా చేరినవాడు ఆ మెట్టు దాటడం కష్టం.

పెట్రోలు ఇంజన్ల సంగతి. వాటి వాటా తగ్గుతున్న మాట నిజమే, ఎలక్ట్రిక్ కారుకి ఎగ్జాస్ట్ పైపు ఉండదు. కానీ బ్యాటరీని చల్లబరిచే ద్రవం గొట్టాల్లోనే తిరగాలి. గొట్టం సన్నమైతే పంపు ఎక్కువ కరెంటు తింటుంది, లావైతే బరువు పెరుగుతుంది. మీ వాడు ఇప్పుడు తల బద్దలు కొట్టుకుంటున్నది ఈ రకం లెక్కతోనే. ఫార్ములా వన్‌లో కూడా 2026 నియమాల ప్రకారం పవర్‌లో సగానికి దగ్గరగా విద్యుత్తు నుంచి వస్తుంది, మిగతాది ఇప్పటికీ 1.6 లీటర్ల టర్బో ఇంజనే ఇస్తుంది. రెండూ తెలిసినవాళ్లు కావాలి.

కాబట్టి టెన్షన్ పడకండి, ఈ నెలాఖరుకి ఫీజు కట్టకండి. పోటీ ముగియనివ్వండి. కారును డైనో (ఇంజన్ బలాన్ని కొలిచే యంత్రం) మీద పెట్టినప్పుడు ఆర్‌పీఎం, టార్క్, గాలి–ఇంధన నిష్పత్తి వేల వరుసల్లో వచ్చి పడతాయి. వాటిని విడదీసి చూడటానికి డేటా సైన్స్‌లో వాడే కోడింగ్ భాష పైథాన్ కావాలని వాడే అంటాడు. అప్పుడు నేర్చుకోమనండి, తన కారు అంకెల మీదే.