పడవలో దస్తీ వేస్తే సీటు ఆగదు

ప్రశ్న: మాది మణికొండ. పూల్ ట్రైనింగ్ హైదరాబాద్‌లో, సముద్రం డైవ్‌లు మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలో పూర్తిచేసి ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్‌లో మొదటి సర్టిఫికెట్) తెచ్చుకున్నాను. ఉద్యోగం మీద డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో నలుగురం ఫ్లోరిడాలోని కీ లార్గోకి డైవింగ్‌కి పోదామనుకుంటున్నాం. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పడవలో, నీళ్లలో ఎలా మసలుకోవాలో కోర్సులో ఎవరూ చెప్పలేదు. ఇంకో మాట: గచ్చిబౌలిలో ఉన్న మా తమ్ముడు జనవరిలో ఇక్కడికి వస్తున్నాడు. వాడు డైవింగ్ అక్కడ నేర్చుకోవాలా, ఇక్కడా?

జవాబు: చెప్పరు. కోర్సులో నేర్పేది ప్రాణం కాపాడుకోవడం. పక్కవాళ్లతో సర్దుకుపోవడం పడవెక్కాక తెలుస్తుంది, అదీ ఎవరో ఒకరి మొహం మాడ్చాక.

మన దగ్గర నుంచి వచ్చినవాళ్లకు ఒక చిక్కు ఉంది. నేత్రాణిలోనైనా అండమాన్‌లోనైనా సిలిండర్ బిగించేది, వాల్వు తిప్పేది, నీళ్లలో చెయ్యిపట్టి తిప్పేది ఎక్కువగా అక్కడి కుర్రాళ్లే. అమెరికాలో కార్డు ఉందంటే మీ పని మీరు చేసుకోగలరని లెక్క. కీ లార్గోలో చాలా పడవల్లో గైడు నీళ్లలోకి దిగడు. కావాలంటే విడిగా డబ్బు కట్టి ముందే మాట్లాడుకోవాలి. మొదటి ట్రిప్పుకి మాట్లాడుకోండి, అందులో నామోషీ లేదు. బుక్ చేసేటప్పుడు “చాలా చేశామండీ” అనకండి. “ఇన్ని డైవ్‌లు, చివరిది ఇన్ని నెలల కింద” అని అంకెల్లో చెప్పండి. మీ నలుగురిలో ఎవరైనా అండమాన్ హనీమూన్‌లో ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తిప్పిన ఒక్క డైవే చేసుంటే, అది సర్టిఫికేషన్ కాదు. ఆ సంగతి రేవులో బయటపడితే నలుగురి రోజూ పాడవుతుంది.

పడవ ఎనిమిదిన్నరకంటే ఎనిమిదికి కౌంటర్ దగ్గర ఉండాలి. కార్డు చూపించడం, బాధ్యత మాదేనని రాసిచ్చే కాగితం మీద సంతకం, అద్దెకు తీసుకున్న ఫిన్లు (కాళ్లకు తొడిగే రెక్కలు), సిలిండర్ తగిలించి గాలి నింపుకునే జాకెట్ సైజులు చూసుకోవడం, వీటికే అరగంట పడుతుంది. పడవలో బల్లల వెంట సిలిండర్లు రబ్బరు తాళ్లతో కట్టి ఉంటాయి. మీ సిలిండర్ ముందు రెండడుగుల చోటే మీ ఇల్లు. సిటీ బస్సు కిటికీలోంచి దస్తీ వేసినట్టు ఒకరు ముందెక్కి నలుగురికి చోటు ఆపడం ఇక్కడ చెల్లదు; కలిసి కూర్చోవాలంటే నలుగురూ కలిసే రావాలి. సామాను మెష్ బ్యాగులో పెట్టి బల్ల కిందికి తోసెయ్యాలి.

జాకెట్ తగిలించాక సిలిండర్‌కి తాడు మళ్లీ కట్టండి. ఖాళీ అల్యూమినియం సిలిండరే దాదాపు 14 కిలోలు, అల వచ్చినప్పుడు అది ఎవరి కాలి మీద పడుతుందో చెప్పలేం. వెయిట్లు (మునగడానికి నడుముకి కట్టుకునే సీసం దిమ్మలు) బల్ల మీద కాదు, నేల మీద. వెయిట్ బెల్టు ఎవరికైనా అందించేటప్పుడు బకిల్ లేని కొస పట్టుకోండి. బకిల్ వైపు పట్టుకుంటే సీసం దిమ్మలు రెండో కొస నుంచి ఒక్కొక్కటే జారి కింద ఉన్నవాళ్ల కాళ్ల మీద పడతాయి.

తిండి సంగతి: పులిహోర తెచ్చుకోండి, ఎవరూ ఏమనరు. కోడిగుడ్ల కూర డబ్బా మూత మాత్రం ఒడ్డుకి వచ్చాకే తియ్యండి, అలల మీద సగంమంది కడుపులు అప్పటికే తిరుగుతుంటాయి. మీకే వాంతి వచ్చేట్టుంటే బాత్రూంలోకి పోవద్దు. లోపల ఇంకా తిప్పుతుంది, తర్వాత దాన్ని ఎవరూ వాడలేరు. సిబ్బందికి చెప్పి, గాలి మీ వీపుకి తగిలే వైపు కమ్మీ పట్టుకుని నీళ్లలోకి కానివ్వండి. ఇక కెప్టెన్ మాట్లాడుతున్నంతసేపూ తెలుగు కబుర్లు ఆపెయ్యాలి. ఎంత లోతు, ప్రవాహం ఎటు, ఎంత గాలి మిగిలుండగా రావాలి అన్నది ఒక్కసారే చెబుతారు.

ఆ అంకెలు వినేటప్పుడు జాగ్రత్త. మనం నేర్చుకున్నది సిలిండర్‌లో గాలి ఒత్తిడికి బార్, లోతుకి మీటర్లు. ఇక్కడ పీఎస్ఐ, అడుగులు. 200 బార్ అంటే దాదాపు 2,900 పీఎస్ఐ. మీ కార్డు లోతు హద్దు 18 మీటర్లు ఇక్కడ 60 అడుగులవుతుంది. చాలా పడవల్లో 500 పీఎస్ఐ మిగిలుండగా పడవ మీద ఉండాలంటారు, అంటే 35 బార్ కంటే తక్కువ. మీకు నేర్పిన 50 బార్ 725 పీఎస్ఐ. కొత్తవాళ్లు అదే పట్టుకోండి. జోడీగా దిగేవాళ్లతో “వెయ్యికి వస్తే చెయ్యి ఇలా పెడతాను” అని దూకకముందే అనుకోవాలి. 1,000 పీఎస్ఐ 69 బారే. ఒకరు వెయ్యి అని ఒక వేలు చూపిస్తే రెండోవారు వంద బార్ అనుకున్నారంటే, ఉన్నదానికంటే మూడోవంతు పైగా ఎక్కువ గాలి లెక్కేసుకున్నట్టు.

నీళ్లలో గొడవలన్నిటికీ మూలం చాలాసార్లు బరువే. పూల్‌లో 2 కిలోలతో మునిగినవాళ్లు సముద్రంలో తేలేసరికి కంగారుపడి ఏడెనిమిది కిలోలు కట్టేసుకుంటారు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే సుమారు రెండున్నర శాతం చిక్కన, కాబట్టి రెండు మూడు కిలోలు అదనంగా కావాల్సిందే. వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూటు) మందం పెరిగితే ఇంకొంచెం. అంతకు మించితే నడుము కిందికి లాగుతుంది, దానికి విరుగుడుగా జాకెట్‌లో గాలి కొడతారు, మనిషి పడుకుని ఈదాల్సింది పోయి ఏటవాలుగా సైకిలు తొక్కుతాడు. తొక్కిన ప్రతిసారీ ఇసుక లేస్తుంది, వెనక వచ్చే ఆరుగురికి ఆ డైవంతా మూసీ నీళ్లే. సరిచూసుకోవడం తేలిక. పడవ పక్కన నిలువుగా ఉండి, జాకెట్ పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా పీల్చిన ఊపిరి ఆపండి. నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఇది నిండు సిలిండర్‌తో చేస్తే ఇంకో 2 కిలోలు కలుపుకోండి. గాలి ఖర్చయ్యేకొద్దీ అల్యూమినియం సిలిండర్ తేలిపోతుంది, చివర్లో సేఫ్టీ స్టాప్ దగ్గర (పైకి వచ్చేముందు కాసేపు ఆగేచోట) నిలవలేరు. సిబ్బందికి పౌండ్లలో చెప్పాలి, కిలోకి 2.2.

వేలాడే గేజు (గాలి ఎంత మిగిలిందో చూపేది), ఆక్టోపస్ (పక్కవాళ్లకు గాలి ఇవ్వడానికి ఉండే రెండో రెగ్యులేటరు) ఛాతీ దగ్గర క్లిప్ చేసుకోండి. ఈడ్చుకుపోతే పగడాలు విరిచేది అవే. బండరాళ్లలా ఉండే పగడాలు ఏడాదికి పెరిగేది మిల్లీమీటర్ల లెక్కన. ఫ్లోరిడా కీస్ తీరమంతా 1990 నుంచి రక్షిత సముద్రం. పగడం ముట్టుకోవడం అక్కడ మర్యాద తప్పడమే కాదు, చట్టం తప్పడం.

దూకేముందు కింద ఎవరూ లేరని చూసి, మాస్కు, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటరు అరచేత్తో అదిమి, పెద్ద అడుగు వేసి, ఓకే చూపించి వెంటనే పక్కకు జరగండి. కింద ఆగి కెమెరా సర్దుకుంటే తర్వాతివాళ్ల సిలిండర్ మీ నెత్తిన పడుతుంది. దిగేవాళ్లకీ ఎక్కేవాళ్లకీ తాడు ఒక్కటే అయినప్పుడు ఎక్కేవాళ్లకు దారివ్వండి, వాళ్ల దగ్గర గాలి తక్కువ. ఇంకొకటి, బొటనవేలు పైకెత్తితే మనకు “సూపర్”, నీళ్లలో “డైవ్ అయిపోయింది, పైకి పోదాం” అని. చేపను చూసిన సంబరంలో అది చూపించారంటే జోడీ నిజంగానే పైకి బయల్దేరుతుంది. దానికి బదులుగా “ఎందుకు?” అని అడగడం ఉండదు. ఎవరు చూపించినా ఇద్దరూ పోవాల్సిందే.

కీ లార్గోలో అందరూ పోయేది 1965లో నీళ్లలో నిలబెట్టిన కంచు యేసు విగ్రహం దగ్గరికి. లోతు 25 అడుగుల చిల్లర. పైన గొట్టంతో ఊపిరి పీలుస్తూ తేలే స్నార్కెల్ వాళ్లు, కింద డైవర్లు, అన్ని పడవలకూ అదే చోటు. ఫొటో తీస్తున్నవాళ్ల వెనక, కొంచెం ఎడంగా ఆగండి. కింద నుంచి పోతే మీ బుడగలు వాళ్ల ఫ్రేములోకి లేస్తాయి. మీ వంతు వస్తే రెండు మూడు ఫొటోలు తీసుకుని, విగ్రహం పట్టుకోకుండా, ఇసుక తన్నకుండా తప్పుకోండి. మా మటుకు మేము తొలి ఇరవై డైవ్‌లదాకా కెమెరా వద్దంటాం. తేలడం ఇంకా చేతగానివాళ్లు స్క్రీన్ చూస్తూ ఎక్కడో ఒకచోట మోకాళ్లూనతారు. సెల్ఫీ స్టిక్ సంగతి చెప్పక్కర్లేదు.

గాలి దాచుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కొత్తవాళ్లకు గాలి తొందరగా అయిపోతుంది, అది అందరికీ తెలుసు. నావల్ల అందరి డైవ్ ఆగిపోతుందని మొహమాటపడి 400 పీఎస్ఐ దాకా లాగితే, చివరికి పక్కవాళ్ల ఆక్టోపస్ అందుకోవాల్సి వస్తుంది. సగం అయ్యాక అడిగినా అడక్కపోయినా గేజు జోడీకి చూపించండి. పైకి వచ్చేటప్పుడు 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగండి, సేఫ్టీ స్టాప్ అంటే ఇదే. అక్కడ తాడు పట్టుకుంటే ఒంటిచేత్తో, బరువంతా వెయ్యకుండా. ఇంకో నలుగురికి చోటుండాలి.

పడవ వెనక నీళ్లలో తేలే తాడు ఒకటి వదులుతారు. మీ వంతు వచ్చేదాకా అది పట్టుకుని నిచ్చెనకు దూరంగా ఉండండి. ఎక్కేవాళ్ల కిందికి ఎప్పుడూ పోవద్దు: మనిషి, సిలిండర్, సీసం కలిసి జారితే వంద కిలోల పైమాట. నిచ్చెన పట్టుకున్నాకే ఫిన్లు తీసి పైకి అందించాలి. మాస్కు, రెగ్యులేటరు డెక్ మీద కూర్చునేదాకా తియ్యొద్దు.

పడవ కదిలేముందు పేర్లు పిలుస్తారు. కాలేజీలో ఒకరికొకరు ప్రాక్సీ వేసిన అలవాటుంటే ఇక్కడ మర్చిపోండి. మీ స్నేహితుడు బాత్రూంలో ఉన్నాడని మీకు ఖాయంగా తెలిసినా మీరు “ఎస్” అనకూడదు, అతనే వచ్చి పలకాలి. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ జంటను నీళ్లలోనే వదిలేసి పడవ వచ్చేసింది. లెక్క తప్పిందని గమనించేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. వాళ్లు దొరకలేదు.

చిన్నవి రెండు. కెమెరాలు కడిగే మంచినీళ్ల బకెట్టు కెమెరాలకే; ఉమ్మి రుద్దిన మాస్కులు, వెట్‌సూట్ బూట్లు అందులో ముంచకండి. సూట్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు. దిగేముందు సిబ్బందికి సిలిండర్‌కి 5 నుంచి 10 డాలర్ల చొప్పున నగదు ఇవ్వడం ఇక్కడి వాడుక, ట్రిప్పు డబ్బులో అది కలవదు.

పోయేలోపు డాలస్ పక్కన టెరెల్‌లో ఉన్న డైవింగ్ చెరువులో ఒక వారాంతం బరువు సరిచూసుకోండి. నీళ్లలో కట్టిన ప్లాట్‌ఫాం మీద క్లాసు నడుస్తుంటే దాని మీదుగా పోకుండా చుట్టూ తిరిగి వెళ్లండి. అడుగున బురద, ఒక్క తన్నుతో క్లాసు మొత్తానికి ఇన్‌స్ట్రక్టర్ కనబడకుండా పోతాడు.

మీ తమ్ముడికి: పాఠాలు, పూల్ అక్కడ పూర్తిచేసుకుని, మిగిలిన నాలుగు ఓపెన్ వాటర్ డైవ్‌లు ఇక్కడ చెయ్యొచ్చు. దీనికి రెఫరల్ అనే కాగితం ఇస్తారు. పాడీ (డైవింగ్ కార్డులిచ్చే సంస్థ) పద్ధతిలో అది చివరి పాఠం నుంచి 12 నెలలు చెల్లుతుంది. జనవరిలో వచ్చి చలికాలం చెరువులో దిగలేక మే దాకా ఆగినా గడువు దాటదు. ఏయే పాఠాలయ్యాయో తేదీలు, ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ఆయన మెంబర్ నంబరు ఆ కాగితం మీద ఉన్నాయో లేవో శంషాబాద్ బయల్దేరకముందే చూసుకోమనండి.