పేజీలోంచి బయటికి రా

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన లింకు చూశాను. "సైటు నీట్‌గా ఉంది, కింద రిఫరెన్సులు కూడా ఇచ్చారు, నమ్మొచ్చా?" అని అడిగావు. నీట్‌గా ఉండడం సంగతి వదిలెయ్, డబ్బిస్తే ఎవరైనా చేసిపెడతారు. చిరునామా చివర డాట్ ఓఆర్‌జీ ఉందని కూడా మురిసిపోకు. అదీ ఎవరికైనా దొరికేదే.

నువ్వు ఆ పేజీని పైనుంచి కిందిదాకా మూడుసార్లు చదివానన్నావు చూడు, ఇబ్బంది అక్కడే ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు పరిశోధకులు ఉన్నారప్పుడు. వాళ్లు చరిత్ర ఆచార్యులకీ, విద్యార్థులకీ, నిజనిర్ధారణే వృత్తిగా ఉన్నవాళ్లకీ కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి, ఎవరెలా తేలుస్తారో గమనించారు. 2017లో ఫలితాలు బయటపెట్టారు. ఆ సైట్లలో రెండు అమెరికా పిల్లల డాక్టర్ల సంఘాలవి. ఒకటి 1930 నాటిది, వేల మంది సభ్యులున్నది. రెండోది దాంతో విభేదించి 2002లో విడిపోయిన చిన్న గుంపు. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ చిన్న గుంపునే నమ్మారు. ఆచార్యుల్లోనూ కొందరు తడబడ్డారు. నిజనిర్ధారకులు మాత్రం పేజీని పూర్తిగా చదవనే లేదు. కాసేపట్లోనే కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. మనిషి మంచివాడో కాదో అతన్నే అడిగి తెలుసుకోం కదా!

బయట వెతికేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది, అందులో నేనే పడ్డాను. పత్రిక డెస్కులో ఉన్నప్పుడు ఒక అంకె నాలుగు సైట్లలో కనిపిస్తే ఖాయమనుకుని అచ్చేశాను. నాలుగింటిలోనూ అదే అచ్చుతప్పు ఉందని మర్నాడు ఒక పాఠకుడు ఫోన్ చేసి చెప్పాడు. అంటే నాలుగు నోళ్లు కావు, ఒకరిని చూసి ముగ్గురు ఎక్కించారు. అప్పటినుంచి ఎన్నిచోట్ల ఉందని కాక, మొదట ఎవరన్నారని చూస్తున్నాను. ఫొటోలకైతే గూగుల్ లెన్స్‌లో పెట్టి, పాత తేదీతో ఎక్కడైనా ఉందేమో చూడు.

ఇక రిఫరెన్సులు. ఉన్నాయని కాదు, తెరిచి చూడాలి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసే ఎమ్ఎమ్ఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వ్యాసం 1998లో లాన్సెట్ లాంటి పెద్ద వైద్య పత్రికలోనే వచ్చింది. అందులో చూసింది 12 మంది పిల్లల్ని. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. అయినా దాన్ని ఆధారంగా చూపేవాళ్లు ఇంకా ఉన్నారు. వ్యాసం పేరు పక్కన 'రిట్రాక్టెడ్' అని ఉందేమో చూడడానికి నిమిషం చాలు.

నీ లింకులో మూడో రిఫరెన్సు తెరిచాను. అది ఎలుకల మీద చేసిన ప్రయోగం. నువ్వు పంపిన పేజీ మొత్తంలో ఎలుక అన్న మాటే లేదు. మిగతావి నువ్వు తెరిచి, ఏం కనబడిందో రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న