ఆట అంతగా రాని నువ్వే రాయాలి

తిరుపతి

చి॥ మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చిన్నప్పటి నుంచి ఆడుతున్నా చెయ్యి తిరగలేదని, ‘సెకిరో’ గేములో ఒక్క బాస్‌ను, అంటే దారికి అడ్డుగా నిలిచే ఒక్క పెద్ద శత్రువును, దాటడానికే రోజులు పడుతోందని, ఇలాంటి మనిషి గేముల మీద సమీక్షలు రాస్తే ఎవరు లెక్కచేస్తారని అడిగావు. తప్పకుండా రాయి తల్లీ. నేనూ చిన్ననాటి నుంచి ఆడుతున్నవాణ్ణే. పోటీల్లో గెలిచే చేతులు నాకూ లేవు. అయినా ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, చదివేవాళ్ళు చదువుతున్నారు. నేర్పరుల కంటపడని సంగతులు కొన్ని మనకు కనపడతాయి, వాటి కోసమే చదువుతున్నారు.

అలిపిరి మెట్ల దారి నీకు తెలుసు కదా, మొత్తం 3,550 మెట్లు. తరచూ పరుగున ఎక్కే కుర్రాణ్ణి అడిగితే ఏమీ ఇబ్బంది లేదు, హాయిగా ఎక్కేయవచ్చు అంటాడు. అబద్ధమేమీ కాదు. కానీ మోకాళ్ళ నొప్పులున్న తల్లిని కొండకు నడిపించుకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఆ మాట ఎందుకూ పనికిరాదు. గాలిగోపురం దాకా ఊపిరి సలపదు, ఆ తర్వాత చాలా దూరం తేలిగ్గా నడవవచ్చు, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిటారుగా ఉంటుంది అని ఆగి ఆగి ఎక్కినవాళ్ళే చెప్పగలరు. నువ్వు రాయవలసింది అలాంటి సమీక్ష.

ముందుగా చదివే మనిషిని మనసులో పెట్టుకో. ప్లేస్టేషన్ 5లో పెద్ద గేము కొత్తగా కొనాలంటే కొన్ని వేల రూపాయలవుతుంది. మీ గ్రీమ్స్‌పేటలో ఉండే టీచరైనా, ఇక్కడ కొర్లగుంటలో దుకాణం నడుపుకునే మనిషైనా ఆ డబ్బు పెట్టేముందు పదిసార్లు ఆలోచిస్తారు. రాత్రి ఇంట్లో పనులన్నీ అయ్యాక ఒక గంట ఆడుకుంటారు. ఆ గంటలో ఆట ఎంత ముందుకు సాగుతుంది? కరెంటు పోతే మళ్ళీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పిల్లవాడు లేచి ఏడిస్తే వదిలి వెళ్ళవచ్చా? ‘ఎల్డెన్ రింగ్’లో ఆటను నిలిపి ఉంచే బటన్ లేదు, నువ్వు లేచి వెళితే శత్రువు ఆగడు. ‘హేడీస్’లో అయితే మధ్యలో వదిలేసి మర్నాడు అదే గది నుంచి అందుకోవచ్చు. సంసారంలో ఉన్నవాళ్ళకు ఈ ఒక్క తేడాతోనే కొనాలా వద్దా అన్నది తేలిపోతుంది. డౌన్‌లోడ్ వంద జీబీ ఉందంటే, రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో నెట్టుకొచ్చే హాస్టల్ విద్యార్థికి ఆ గేము అందనట్టే. అదీ రాయి.

ఇక నువ్వు ఎలా ఆడావో మొదటి పేరాలోనే చెప్పేయాలి. ఏ యంత్రం మీద, ఏ కష్టస్థాయిలో, ఎంతవరకు ఆడావన్నది అక్కడే ఉండాలి. ‘నాకు అంతగా రాదు, మన్నించండి’ అని మొదలయ్యే సమీక్షలు నాకు నచ్చవు. ‘ఈజీ మోడ్‌లో ఆడాను, నాలుగో అధ్యాయం చివరిదాకా వెళ్ళాను’ అంటే చాలు. చదివే మనిషి తన చేతిని నీ చేతితో పోల్చుకుని మిగతాది తనే అంచనా వేసుకుంటాడు. ఈ సంగతి దాచిపెట్టి ఆట కష్టమన్నా, సులభమన్నా ఆ మాటకు విలువ ఉండదు.

ఈజీ మోడ్ పెట్టుకోవడానికి సిగ్గుపడకు. కాకపోతే ఆ మోడ్ పెట్టాక లోపల ఏం మారిందో జాగ్రత్తగా గమనించు. పై స్థాయుల్లో ఆడేవాళ్ళు దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోరు కాబట్టి ఈ పని మనదే. ‘హేడీస్’లో గాడ్ మోడ్ అనే ఈజీ మోడ్ పెడితే తగిలే దెబ్బ మొదట 20 శాతం తగ్గుతుంది. చనిపోయిన ప్రతిసారీ మరో 2 శాతం తగ్గుతూ 80 దాకా వెళుతుంది. శత్రువుల ఎత్తులు మారవు, కథ మారదు, ఓడిన కొద్దీ నీకు కాస్త ఊపిరి దొరుకుతుంది. ‘సెలెస్ట్’ అసిస్ట్ మోడ్‌లో ఆట వేగాన్నే సగానికి తగ్గించుకోవచ్చు. ‘కప్‌హెడ్’లోనూ సింపుల్ అనే మోడ్ ఉంది, కానీ అందులో బాస్‌ను ఓడించినా ఒప్పంద పత్రం చేతికి రాదు, ఆ పత్రాలు లేనిదే చివరి పోరాటానికి పోనివ్వరు. అంటే సింపుల్‌లో ఆడినవాళ్ళు డబ్బంతా కట్టినా ఆట ముగింపు చూడలేరు. ఇది అన్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ‘ఈజీ మోడ్ కూడా ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ మూడు గేములూ ఒకేలా కనిపిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. ఆటలో చనిపోయిన ప్రతిసారీ కంట్రోలర్ పక్కన పెట్టి, ఎందుకు చనిపోయానో నాకు తెలిసిందా అని నిన్ను నువ్వు అడుగు. తెలిసిందంటే తప్పు చేతిది. తెలియకపోతే తప్పు ఆటదే కావచ్చు, ఇంకొన్నిసార్లు ఆడి చూసి తేల్చుకో. 1989లో వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ను మా రోజుల్లో ఇక్కడి కంప్యూటర్ సెంటర్లలో ఆడేవాళ్ళం. గంటలోగా రాకుమారిని చేరాలి, అడుగడుగునా గండమే. అయినా ఆ ఆట మోసం చేసిందని ఏనాడూ అనిపించలేదు. కాలు పెడితే ఊడిపడే పలకలు కొన్ని ఉంటాయి. ఉన్నచోటనే ఒకసారి పైకి ఎగిరితే వదులుగా ఉన్న పలకలు కదిలి కనబడతాయి. నేలలోంచి లేచే ముళ్ళు పరిగెత్తుకొచ్చేవాణ్ణి చంపేస్తాయి, షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఒక్కో అడుగూ చూసి వేసేవాణ్ణి ఏమీ చేయవు. నిదానంగా ఆడేవాడికీ బతికే దారి ఒకటి ఉంచారు. చేతివేగం లేని ఆటగాడికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

‘సెలెస్ట్’లో ఇలాంటి దయ ఇంకొకటి ఉంది. అంచు దాటి కాలు గాలిలోకి వెళ్ళాక కూడా సెకనులో పదో వంతు సేపు దూకనిస్తుంది. ఎక్కడా చెప్పరు, కంటికీ కనబడదు. ఆలస్యంగా నొక్కే బొటనవేలికి మాత్రం ఈ ఆటలో ఎందుకో బతికిపోతున్నానని తెలుస్తుంది. ఆ ‘ఎందుకో’ దగ్గర ఆగి, కారణం వెతికి రాయి.

నువ్వు చిక్కుకున్న ‘సెకిరో’నూ ఇలాగే చూడు. అడ్డుకోలేని దెబ్బ వచ్చేముందు ఎర్రటి జపనీస్ అక్షరం ఒకటి మెరుస్తుంది. చాలామంది దాన్ని స్పష్టమైన హెచ్చరిక అని మెచ్చుకుంటారు. నువ్వు ఇన్నిసార్లు ఓడిపోయావు కదా, నీకు ఇంకో సంగతి తెలుసు. ఆ గుర్తు ప్రమాదం వస్తోందని చెబుతుంది కానీ ఏ ప్రమాదమో చెప్పదు. పొడవబోయినా అదే గుర్తు, కాళ్ళ కింద కత్తి తిప్పబోయినా అదే, పట్టుకోబోయినా అదే. పొడిచే దెబ్బకు, ఆ మెలకువ నేర్చుకున్నాక, ఎదురు అడుగు వేయాలి. కాళ్ళ కింది దెబ్బకు ఎగరాలి. పట్టుకోబోతే తప్పుకోవాలి. కాబట్టి చూడవలసింది గుర్తును కాదు, శత్రువు భుజాన్నీ నడుమునూ. అది చదవడం రావడానికి ఎంత సేపు పట్టిందో, ఆ ఓపిక పట్టినందుకు నీకు ఏం దక్కిందో రాస్తే, బాస్‌ను ఓడించకపోయినా అది నిండు సమీక్షే. కష్టస్థాయిని తగ్గించుకునే వీలు ఆ గేములో లేదని కూడా చెప్పాలి. అది లోపమా, కళాకారుడి హక్కా అన్నది నువ్వు తేల్చుకో. నేనైతే హక్కే అంటాను, కానీ కొనేవాడికి ముందే తెలియాలి.

ఫోను గేముల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. ‘క్యాండీ క్రష్’ సంగతే చూడు. ఐదు ప్రాణాలు ఇస్తారు. అవి అయిపోతే ఒక్కోటి తిరిగి రావడానికి అరగంట ఆగాలి, ఆగలేకపోతే స్నేహితులను అడగాలి, లేదా డబ్బు కట్టాలి. ఇలాంటి గేముల్లో ఒక లెవెల్ ఉన్నట్టుండి కష్టమైతే, ఆ కష్టం నీ నేర్పును పరీక్షిస్తోందా, నీ జేబును తడుముతోందా అని అడగాలి. నేర్పున్నవాళ్ళు ఆ గోడను గమనించకుండానే దాటిపోతారు. దాని ముందు నిలబడిపోయేది మనమే కాబట్టి అది ఏ లెవెల్లో వచ్చిందో, ఎంత అడిగిందో అంకెలతో సహా రాయవలసిన బాధ్యత మనదే. పిల్లల చేతికి ఫోను ఇచ్చే తల్లిదండ్రులకు ఇది చాలా అవసరం.

వీలైతే ప్రతి గేమునూ ఎప్పుడూ ఆడని మనిషి చేతికి కాసేపు ఇచ్చి చూడు. మీ అత్తయ్య మొదటిసారి కంట్రోలర్ పట్టుకున్నప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో చూపు తిప్పాలి. ఆవిడ నడుస్తుంటే చూపు పైకప్పు మీదకు పోయేది, చూపు దించేసరికి కాళ్ళు ఆగిపోయేవి, గోడకు ఆనుకుని అక్కడే తిరిగేది. ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్న మన వేళ్ళు ఈ రెండు పనులనూ ఊపిరిలా చేసేస్తాయి. నువ్వు నీకు ఆట రాదనుకుంటున్నావు కానీ, ఇలాంటివెన్నో నీకు వచ్చు. కొత్తవాళ్ళకు ఏది రాదో వాళ్ళ పక్కన కూర్చుంటేనే కనబడుతుంది.

ఇన్నేళ్ళ జ్ఞాపకం కూడా ఆస్తే, వాడుకో. 1985 నాటి ‘సూపర్ మేరియో’ మొదట్లో ఒక పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారుతుంది, కింద పడి, గొట్టానికి తగిలి, వెనక్కి తిరిగి నీ మీదికే వస్తుంది. శత్రువేమోనని తప్పించుకోబోయినా తగిలేస్తుంది, తగిలితే మేరియో పెద్దవాడవుతాడు. ఒక్క అక్షరం చదవనక్కరలేకుండా పాఠం అయిపోయింది. ఈనాటి చాలా గేములు అడుగడుగునా ఆపి ఇంగ్లీషులో పేజీలు చదివిస్తాయి, అక్షరాలు టీవీకి దూరంగా కూర్చుంటే ఆనవు. తెలుగు అసలే ఉండదు. మన పాఠకుడికి ఆ గేము ఆడటానికి ఎంత ఇంగ్లీషు కావాలో చెప్పు. పాతవాటితో పోల్చి కొత్తవన్నీ తీసికట్టు అని మాత్రం రాయకు. 2012లో వచ్చిన ‘జర్నీ’లో చావే లేదు, మాటలు లేవు, రెండు గంటల్లో అయిపోతుంది. మా కాలంలో అలాంటిదాన్ని ఊహించనైనా ఊహించలేదు.

పూర్తి చేయని గేమును పూర్తి చేసినట్టు రాయవద్దు. మిగతా భాగం వీడియోలో చూస్తే చూశానని రాయి, ఆడానని రాయకు. చూడటంలో చేతికి ఏమీ తెలియదు. ఆడిన వెంటనే నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాసి పెట్టుకో. మర్నాటికి కోపం చల్లారి, ఎక్కడ కోపం వచ్చిందో కూడా మరిచిపోతావు. గ్రాఫిక్స్ అద్భుతం, సంగీతం అదిరింది లాంటి మాటలు వద్దు. వాన పడుతున్నప్పుడు శత్రువు అడుగుల చప్పుడు వినబడుతుందా లేదా అన్నది రాయి. పదికి ఎన్ని మార్కులు అన్నది నాకు ఇష్టం లేని పద్ధతి. ఎవరి చేతికి పదికి ఎనిమిది?

ఎగతాళి చేసేవాళ్ళు ఉంటారు. 2017లో జర్మనీలోని గేమ్స్‌కామ్ ప్రదర్శనలో ఒక విలేకరి ‘కప్‌హెడ్’ ఆడుతూ, ఆట నేర్పించే మొదటి భాగంలోనే చిక్కుకుపోయాడు. ఎగిరి, గాలిలో ఉండగానే ముందుకు దూసుకుపోవాలి, అది అతనికి తట్టలేదు. ఆ 26 నిమిషాల వీడియో చూసి ఇలాంటివాళ్ళా గేముల గురించి రాసేది అని ఎంతోమంది విరుచుకుపడ్డారు. నాకు ఆ వీడియోలో పనికొచ్చే సంగతి కనిపించింది. రెండు బటన్లను వెంటవెంటనే కలిపి నొక్కాలన్న ఊహ కొందరికి రాదు, అక్కడ ఆ పాఠం చాలలేదు. నువ్వు అలాంటిచోట చిక్కుకుంటే ఏ బటన్ దగ్గర, ఏం అనుకుని చిక్కుకున్నావో రాసిపెట్టు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, కొనేవాడికి సమాచారం దొరుకుతుంది.

మొదటి సమీక్షకు ‘హేడీస్’ తీసుకో. కొన్నాళ్ళు గాడ్ మోడ్ లేకుండా, కొన్నాళ్ళు పెట్టుకుని ఆడి, రెండింటి తేడా రాసి నాకు పంపు. ఎలా ఆడావో మొదటి పేరాలో లేకపోతే చదవకుండా తిప్పి పంపుతాను. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య