అమ్మేసిన పొలంలో ముత్తాత సమాధి: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: పరకాల దగ్గరి పల్లెలో మీ ముత్తాత సమాధి ఉంది. ఆ పొలాన్ని మీ తాతగారి కాలంలోనే అమ్మేశారు. ముత్తాతకు పైన ఎవరి పేరూ తెలియదు. సమాధికి గ్రానైట్ కట్టించాలా, అస్థికలు తీసి హైదరాబాద్ తెచ్చుకోవాలా అని ఇంట్లో వాదన నడుస్తోంది. మాది నర్సంపేట వైపు. మా పెద్దల సమాధులు కూడా అమ్మిన పొలంలోనే ఉన్నాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: ముందు కాగితం చూడండి, మేస్త్రీని తర్వాత పిలవండి.

అన్నిటికంటే ముందు అమ్మకం కాగితం. ఆ రోజుల్లో మన పల్లెల్లో చాలా భూములు సాదాబైనామా మీదే, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం మీదే, చేతులు మారాయి. అందులో హద్దులు రాసిన చోట నిదానంగా చదవండి. మా కాగితంలో తూర్పు హద్దు దగ్గర ‘సమాధుల గడ్డ విడిచి’ అని ఉంది. అది మా పెదనాన్న ట్రంకు పెట్టెలో బయటపడేదాకా, కొన్నవారి మనవడికి మేము భూమి కోసమే తిరుగుతున్నామని అనుమానం. కాగితం చూశాక తనే ముందు నడిచి గెట్టు మీదుగా దారి చూపించాడు. మీ ఇంట్లో దొరకకపోతే కొన్నవారి ఇంట్లో ఉంటుంది, కానీ అడిగే తీరులో జాగ్రత్త అవసరం. భూమి రికార్డుల పోర్టల్ మొన్నటిదాకా ధరణి, ఇప్పుడు భూభారతి. పాసుపుస్తకం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగి అలసిన రైతు ముందు కారు దిగి ‘ఇది మా తాత భూమి’ అంటే మాట అక్కడే చెడిపోతుంది. మాకు భూమి మీద హక్కు అక్కర్లేదు, ఏడాదికోసారి వచ్చి దీపం పెట్టుకుంటాం అని మీరే రాసి, ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలతో ఇవ్వండి. కోర్టులో దానికి ఎంత విలువ అన్నది పక్కన పెట్టండి. గెట్టు మీద దానికి విలువ ఉంది.

ఇక పేర్లు. 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే ఊరి భూముల రెవెన్యూ లెక్కలో, సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు, సాగు చేస్తున్నవారి పేరు కనిపిస్తాయి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే సేత్వార్. అది సర్వే సెటిల్‌మెంట్ నాటి మూల రికార్డు, ఉర్దూలో ఉంటుంది. నకలు కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఏదో ఒక జవాబు ఇవ్వాలి.

మీ ఊరి విషయంలో ఒక చిక్కు ఉంది. పరకాల ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది కానీ నిజాం కాలంలో అది కరీంనగర్ జిల్లా తాలూకా. పాత కాగితాల కోసం వరంగల్‌లో మాత్రమే వెతికితే లేవనే మాటే వినిపించవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల కార్యాలయంలో అడిగినా ‘కరీంనగర్ జిల్లా, పరకాల తాలూకా’ అనే అడగండి. మా నర్సంపేట అప్పట్లో పాకాల తాలూకా కింద ఉండేది. పాకాల, పరకాల ఉర్దూ చేతిరాతలో పక్కపక్కన పెడితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి.

ఆ కాగితాల్లో సంవత్సరం ఫస్లీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటుంది. 590 కలపండి: 1347 ఫస్లీ అంటే దాదాపు 1937. చదివి పెట్టడానికి రిటైరైన ఉర్దూ ఉపాధ్యాయుడు కంటే రిటైరైన రెవెన్యూ ఉద్యోగి మేలు, ఆ గొలుసు రాతకు అలవాటుపడ్డ కళ్లు కావాలి. ఉర్దూలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు కనుక మన పేర్లు సగం ఊహతోనే చదవాల్సి వస్తుంది. దానికి తోడు మనవడికి తాత పేరు పెట్టే అలవాటు. మల్లయ్య కొడుకు కొమురయ్య, కొమురయ్య కొడుకు మళ్లీ మల్లయ్య. తండ్రి పేరు, సర్వే నంబరు రెండూ కలిస్తేనే మీ మనిషి అనుకోండి.

ఈ రికార్డుల్లో ఆడవాళ్లు దాదాపు కనిపించరు. వాళ్ల కోసం, నిజానికి సగం చరిత్ర కోసం, మేనత్తల దగ్గర కూర్చోవాలి. మా ఇంట్లో మగవాళ్లకు భూమి హద్దులు గుర్తున్నాయి. ఏ పిల్లను ఏ ఊరు ఇచ్చారు, ఏ కాన్పులో ఎవరు పోయారు అన్నది మేనత్తే చెప్పింది. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రజాకార్ల కాలానికి ముందా, పోలీసు యాక్షన్ తర్వాతా అని అడగండి. మీ పరకాలలో అయితే ఇంకా కచ్చితమైన గుర్తు ఉంది: 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగిన రోజు. ఆ రోజుకు ముత్తాత బతికి ఉన్నాడా అని అడిగితే ముసలివాళ్లు తడుముకోకుండా చెబుతారు.

మీ కులం మీరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. కానీ మన దగ్గర చాలా కులాలకు వంశం చెప్పేవారు ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు. మీ ఊరికి వచ్చే వంతు ఎవరిదో కనుక్కోండి. వాళ్లు చెప్పే ఇంటిపేరు, గోత్రం, వలస వచ్చిన ఊరు రాసుకోండి. పురాణంతో కలిసిపోయిన పైతరాలను మాత్రం వంశవృక్షంలో ఎక్కించకండి. ఏ పేరు ఎవరు చెప్పారో పక్కనే రాయడం మరవవద్దు.

సమాధికి గ్రానైట్ వద్దే వద్దు. పాతది సున్నంతో కట్టింది అయితే పైన సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోక ఇటుక పొడైపోతుంది. డంగుసున్నం పని తెలిసిన మేస్త్రీ చేత పగుళ్లు పూడ్పించి వెల్ల వేయించండి, చాలు. రావి మొక్క మొలిస్తే పీకకండి, వేరుతో పాటు గోడ కూడా వస్తుంది. మొదలు దగ్గర కోసి, మళ్లీ చిగురించినప్పుడల్లా కోయండి. రాతి మీద అక్షరాలు ఉంటే ఆసిడ్, ఇనుప బ్రష్ తాకించవద్దు. చీకటి పడ్డాక టార్చి పక్కవాటుగా పట్టి ఫోటో తీయండి, అరిగిన అక్షరం కూడా లేచి కనిపిస్తుంది. మరమ్మతు ఎండాకాలంలో పెట్టుకోండి. పెత్రమాసకు (పెద్దల అమావాస్యకు) వెళితే చేనులో పత్తి అడ్డం ఉంటుంది, దీపం పెట్టి రావడానికే వీలవుతుంది. కరీంనగర్ కార్ఖానాగడ్డ శ్మశానంలో దళిత కుటుంబాలు దీపావళిని పెద్దల సమాధుల దగ్గరే చేసుకుంటాయి. ముందే శుభ్రం చేసి, రంగులు వేసి, పూలు, దీపాలు, పెద్దలకు ఇష్టమైన వంటలు పెడతారు. ఏటా చేయి పడుతుంది కనుక అక్కడ సమాధి ఎక్కడుందో వెతుక్కునే అవసరం రాదు.

ట్రాక్టర్ తగిలి మూల విరిగితే వెంటనే కేసు అనకండి. సమాధుల దగ్గర అతిక్రమణకు భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షన్ ఉంది కానీ మనసు గాయపరచాలన్న ఉద్దేశమో, గాయపడుతుందన్న ఎరుకో ఉండాలి. నాలుగు మూలలా సున్నం పూసిన రాళ్లు పాతండి, డ్రైవర్‌కు దూరం నుంచే కనిపిస్తాయి.

అస్థికలు తరలించడం నాకు ఇష్టం లేదు. ఇన్నేళ్ల తర్వాత మట్టి తప్ప ఏమీ దొరకకపోవచ్చు, తవ్వితే ఉన్న గుర్తు కూడా పోతుంది. మిడ్ మానేరు ప్రాజెక్టు ముంపు ఊళ్లకు వచ్చినట్టు తప్పనిసరి పరిస్థితి వస్తే అది వేరు. భూసేకరణ 2013 చట్టం కింద జరిగితే ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంటుంది. పొలం ఇప్పుడు మీ పేరున లేదు కనుక, సమాధి ఉందన్న సంగతి పట్టాదారు తన అభ్యంతరంలో కూడా రాసేలా చూసుకోండి.