తీత్ సొక్ గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ముందు చిన్న విషయం. ఆ ఎస్తోనియా బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరు ‘తీట్’ అని రాశావు. మనవాళ్లు గోక్కుంటూ నవ్వుతారు. ఎస్తోనియావాళ్ల ‘ట’ నాలుక పళ్లకి తగిలి పలుకుతుంది. ‘తీత్ సొక్’ అని రాయి.

ఇక అసలు సంగతి. 1964లో ఎస్తోనియాలోని తార్తులో పుట్టాడు, రాజధాని తాలిన్‌లోని కలెవ్ క్లబ్బుకి ఆడాడు, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం, 1990లో ప్రపంచ పోటీల్లో రజతం, తర్వాత ఏథెన్స్‌లో పానథినైకోస్ క్లబ్బు... అన్నీ నిజాలే, కానీ బయోడేటాలా ఉంది. ‘సోవియట్ యూనియన్ తరఫున ఆడాడు’ అని అర వాక్యంలో తేల్చేశావే, నేను ఆగిపోయింది అక్కడే.

1988 సెప్టెంబర్ 11న తాలిన్ పాటల మైదానంలో దాదాపు 3 లక్షలమంది చేరారు. అప్పుడు ఎస్తోనియా మొత్తం జనాభా 15 లక్షల పైచిలుకు. 1940లో సోవియట్ యూనియన్ కలిపేసుకున్నప్పుడు పోయిన స్వేచ్ఛ కోసం పాడారు. సరిగ్గా పంతొమ్మిది రోజులకు, సెప్టెంబర్ 30న, సియోల్‌లో ఈ ఎస్తోనియా కుర్రాడి మెడలో బంగారు పతకం పడింది. మోగింది సోవియట్ గీతం. ఆ సోవియట్ జట్టులో పేరున్న ఆటగాడు సబోనిస్‌తో కలిపి నలుగురు లిథువేనియావాళ్లు, లాత్వియా నుంచి మిగ్లినీక్స్. ఎస్తోనియాలాగే ఆ రెండూ అప్పుడు సోవియట్ యూనియన్‌లోనే ఉండేవి. సెమీస్‌లో అమెరికా కాలేజీ కుర్రాళ్లని 82-76తో, ఫైనల్లో యుగోస్లావియాని 76-63తో ఓడించారు.

ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టి, నువ్వు పక్కకి తప్పుకో. ‘అతని గుండె రెండు ముక్కలైంది’ అని మాత్రం రాయకు. నీకెలా తెలుసు? నేనూ ఒకప్పుడు ఇలాగే ఒక కబడ్డీ ఆటగాడి గురించి ‘కళ్లలో నీళ్లు తిరిగాయి’ అని రాసేశాను. పేపర్ వచ్చిన రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. “నేనేం ఏడవలేదండీ, అది చెమట” అన్నాడు. ఇప్పటికీ ఎవరి కన్నీళ్ల గురించైనా రాయాలంటే నాకు టెన్షనే.

1991లో కలెవ్ సోవియట్ లీగ్ గెలిచిందని రాసి పొంగిపోయావు. అప్పటికే లిథువేనియా క్లబ్బు జల్గిరిస్ ఆ లీగ్ వదిలేసి వెళ్లిపోయింది. అది కూడా చెప్పు, గెలుపేం చిన్నదైపోదు. అదే ఏడాది ఆగస్టు 20న ఎస్తోనియా మళ్లీ స్వతంత్రమైంది, డిసెంబరుకల్లా యూనియనే లేదు. ఇచ్చిన దేశమే మాయమైపోయిన కప్పు అది. 1993లో జర్మనీలో జరిగిన యూరోపియన్ పోటీల్లో సొంత జెండాతో ఆడిన ఎస్తోనియా ఆరో స్థానంలో నిలిచింది. నేనైతే ఆరో స్థానానికే ఎక్కువ పేరాలు ఇస్తాను.

ఇంకొకటి. అతను పాయింట్ గార్డ్. నువ్వు స్కూల్లో ఆడింది ఆ చోటే కదా! బంతి తెచ్చి, వేలితో సైగ చేసి, వేరేవాడి చేతిలో పెట్టేవాడి గురించి వెయ్యి పదాలు రాసి, ఒక్క పాస్ కూడా చూపించలేదేం? బంతి చేతిలో ఉన్నప్పుడు తల దించకుండా ఎలా చూస్తారో నాకు తెలీదు, నీకు తెలుసు. ఆ ఒక్క పేరా నువ్వే రాయగలవు. గ్రీస్ కప్పుల లెక్క తీసేసి ఆ చోటు దీనికివ్వు.

చివర్లో ‘యువతకి స్ఫూర్తి’ అన్న వాక్యం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. దాని బదులు 2015 చూడు. రిగాలో యూరోపియన్ పోటీలు, ఎస్తోనియా కోచ్ తీత్ సొక్, లోపల బంతి పట్టుకున్న పాయింట్ గార్డ్ అతని కొడుకు స్టెన్. ఆ మ్యాచ్ వీడియో దొరికితే చూడు. కొడుకు బంతి తెస్తుంటే తండ్రి చేతులు ఏం చేస్తున్నాయో గమనించి రాయి. లింకు నాకూ పంపు.

ఉంటాను.