టెక్ సందేహాలు: ఒక్కసారి పనికి క్రాన్ ఎందుకు?

ప్రశ్న: తెల్లవారుజామున 2 గంటలకు బ్యాకప్ స్క్రిప్టు ఒకే ఒక్కసారి నడవాలని నా లినక్స్ కంప్యూటర్‌లో, చెప్పిన వేళకు పనులు నడిపే ‘క్రాన్’ ప్రోగ్రామ్ జాబితా అయిన క్రాన్‌టాబ్‌లో 0 2 15 3 * అని రాశాను. టెర్మినల్‌లో చక్కగా నడిచే స్క్రిప్టు ఆ రాత్రి నడవలేదు. పొరపాటు ఎక్కడ?

జవాబు: మీ స్క్రిప్టును అనుమానించకండి. టెర్మినల్ తెరిచినప్పుడు మీ సెట్టింగులన్నీ లోడ్ అవుతాయి. క్రాన్‌కు అవేవీ తెలియవు. కమాండ్ల కోసం అది వెతికే డైరెక్టరీలు చాలా సిస్టమ్‌లలో రెండే. మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రామ్ మరోచోట ఉంటే దానికి కనబడదు. అందుకే క్రాన్‌లో నడిచే స్క్రిప్టులో ప్రతి ప్రోగ్రామ్‌కూ, ప్రతి ఫైలుకూ పూర్తి పాత్ (అది ఉన్న చోటు మొత్తం చిరునామా) రాయాలి. క్రాన్‌టాబ్ వరుస చివర >> గుర్తు పెట్టి, దాని పక్కన ఒక లాగ్ ఫైలు (జరిగినది నమోదయ్యే ఫైలు) పేరు ఇచ్చి, ఆ తర్వాత 2>&1 చేర్చండి. ఎర్రర్ ఏదైనా వస్తే అందులో దొరుకుతుంది. ఆ ఫైలు పేరులో తేదీ రావాలని % గుర్తు వాడితే దాని ముందు బ్యాక్‌స్లాష్ (\) తప్పనిసరి. లేకపోతే క్రాన్ ఆ గుర్తు దగ్గరే కమాండును తెంపేస్తుంది. ఎంతోమందిని గంటల తరబడి తిప్పలు పెట్టిన గుర్తు ఇది.

అసలు మీ పనికి క్రాన్ సరైనది కాదు. మీరు రాసిన అంకెలు నిమిషం, గంట, తేదీ, నెల. చివరి నక్షత్రం గుర్తు (*) వారంలో రోజుది. సంవత్సరానికి చోటే లేదు. ఆ వరుసను తీసేయకపోతే వచ్చే మార్చి 15న బ్యాకప్ మళ్లీ మొదలవుతుంది.

ఒక్కసారి పనికి ‘ఎట్’ (at) అనే కమాండు ఉంది. ఆ పేరు పక్కన 02:00 అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. తర్వాత కమాండు రాసి, కంట్రోల్, డి మీటలు కలిపి నొక్కండి. పని నంబరు, నడిచే సమయం వెంటనే తెర మీద కనిపిస్తాయి. మీరు ఏ డైరెక్టరీలో ఉండి పని అప్పగించారో అందులోనే, అప్పటి మీ సెట్టింగులు దాదాపు అన్నిటితో అది నడుస్తుంది. క్రాన్‌తో పడ్డ ఇబ్బంది ఇక్కడ చాలావరకు ఉండదు. నడవాల్సిన పనులు ఏమున్నాయో ‘ఎట్‌క్యూ’ (atq) చూపిస్తుంది, వద్దనుకుంటే ‘ఎట్‌ఆర్‌ఎమ్’ (atrm)కు ఆ పని నంబరు ఇస్తే చాలు. కొన్ని లినక్స్‌లలో ఎట్ ముందుగా ఉండదు. ఇన్‌స్టాల్ చేసి, ఆ పనులను నడిపే ‘ఎట్‌డీ’ (atd) సర్వీసు నడుస్తోందో లేదో చూసుకోండి.

ఆ రాత్రి కంప్యూటర్ ఆగి ఉందేమో కూడా గుర్తు చేసుకోండి. ఆగి ఉన్నప్పుడు దాటిపోయిన పనిని క్రాన్ మళ్లీ ముట్టుకోదు. రేపు బ్యాకప్ రోజూ కావాలనుకుంటే, రాత్రిళ్లు ఆపేసే కంప్యూటర్‌కు ‘అనాక్రాన్’ పెట్టుకోండి. తప్పిపోయిన పనిని కంప్యూటర్ ఆన్ చేశాక అది పూర్తి చేస్తుంది.